మా వీధిలో అదరని భూమి

ఆ రోజుల్లో అరవ సీమలోని మా గుడియాత్తం నేత వీధిలో చాలా వాటికి కరువుండేది గానీ కోపానికి మాత్రం ఏనాడూ కరువు లేదు. ఇప్పటి పిల్లలు కోపం వస్తే తలుపు వేసుకుని లోపల కూర్చుంటున్నారు. మేము తలుపు తీసుకుని వీధిలోకి వచ్చేవాళ్ళం. నాకైతే ముక్కు మీదే ఉండేది. ఆ వయసులో ఎవరెవరి మీద ఎందుకెందుకు మండిపడ్డానో ఇప్పుడు చాలావరకు గుర్తు లేదు. ఒక్క కోపం మాత్రం ఇంతకాలమైనా చల్లారలేదు, రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. అది ఆ ఏడు వచ్చిన చిన్న భూకంపం మీద కోపం కాదు. పాపం, భూమి దాని పని అది చేసుకుపోయింది. నా కోపమంతా భూకంపం రానేలేదన్న వాళ్ళ మీద.

మా నాయన నా చిన్నతనంలోనే పోతే నన్ను పెంచి పెద్ద చేసినవాడు పెద్నాయన. ఆయన మా ఇంటికే కాదు, వీధికంతటికీ పెద్ద. నాయన నేసిన మగ్గం కిటికీ పక్కన గుంట మీద చాప కప్పుకుని అట్లాగే పడి ఉండేది. నాకు మీసాలొచ్చినా ఆ చాప తీయనివ్వలేదు. ముసలివాళ్ళతో, ఆడపిల్లలతో కూర్చుని నూలు చుట్టడమే నా పని. అడిగి అడిగి ప్రాణం తీస్తే చివరికి ఒకనాడు అన్నాడు: "ఒక పడుగు నువ్వే సాచి, గంజి పెట్టి, పోగు తెగకుండా ఆరబెట్టి నా చేతికియ్యిరా. ఆ పొద్దే మీ నాయన మగ్గం మీద కూర్చోబెడతా." (పడుగంటే తెలియని వాళ్ళ కోసం ఒక మాట. బట్టలో నిలువు పోగులన్నీ కలిపి పడుగు. నేసే ముందు దాన్ని వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతూ ఎండ ముదరకముందే ఆరబెట్టుకోవాలి. అది ఆరేదాకా వీధిలో ఎవరూ అడ్డం నడవకూడదు.) తడి పడుగు మీద కాలు పెడితే అన్నం మీద పెట్టినట్టే లెక్క. పెట్టినవాడు వీధి అంతా చూస్తుండగా ఆ పడుగుకు మొక్కి, తెగిన పోగులన్నీ తనే కూర్చుని అతకాలి. ఈ కట్టుబాటును ఉడుంపట్టు పట్టినవాడు మా పెద్నాయనే. అంతకుముందు ఏడు ఒక పేదవాడి మేక పడుగు దాటితే, మేకకు మొక్కడం రాదని ఆ పేదవాడి చేత రెండు సార్లు మొక్కించాడు.

నా పడుగు సాచిన రోజు ఇంకా సరిగ్గా వెలుగు రాలేదు. ఒక పక్క నేను, ఇంకో పక్క మా బావ, కుంచెలు పట్టుకుని దువ్వుతున్నాం. పోగులు ఎంత ముద్దుగా ఆరుతున్నాయో చెప్పలేను. మనసులో అప్పుడే మగ్గం మీది చాప తీసేసి నాయన కూర్చున్న చోట కూర్చున్నాను కూడా. అంతలో ఎక్కడో దడదడమని చప్పుడయింది. ఇంత పొద్దున్నే ఈ వీధిలోకి రాళ్ళ బండి తోలిన దున్నపోతు ఎవడా అని కోపంగా తల తిప్పాను. బండి లేదు. చేతిలో కుంచె వణుకుతోంది, పడుగు వణుకుతోంది, కాళ్ళ కింద నేల జల్లెడ పట్టినట్టు ఊగుతోంది. ఇళ్ళలో చెంబులు దొర్లాయి. ఇక చూడండి, అటూ ఇటూ తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకుని వీధి వీధంతా బయటపడింది. మా వీధి వెడల్పు ఎంత గనక? గడప దిగితే నా పడుగే. అందరికంటే ముందు ఉరికినవాడు సాక్షాత్తు మా పెద్నాయన. కాలు పోగుల్లో చిక్కుకుని బోర్లా పడ్డాడు. ఆయన మీదుగా, కర్ర లేనిదే గడప దాటని ఎదురింటి తాత దూకాడు. (ఆయన అంతకుముందు దూకింది ఎప్పుడో ఆయనకే తెలియాలి.) నా బావ కుంచె పారేసి పడుగు మధ్యలోంచి దారి చేసుకుని పారిపోయాడు. నేను మాత్రం కదల్లేదు. ధైర్యమనుకునేరు, కాళ్ళు రాలేదు. పడుగు కట్టిన గుంజను కౌగిలించుకుని, "తొక్కద్దండీ, తొక్కద్దండీ" అని ఏడుపు గొంతుతో అరుస్తూ ఉండిపోయాను.

భూమి ఊరుకుంది. అందరూ కిందికి చూశారు. నా పడుగు కాళ్ళకూ మట్టికీ గంజికీ చుట్టుకుని చిక్కుముడిగా పడి ఉంది. ఒకరి తర్వాత ఒకరు మెల్లగా ఇళ్ళలోకి పోయి తలుపులు వేసుకున్నారు. లోపల కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు నాకు బాగా వినిపించింది. కొంతసేపటికి పెద్నాయన వేపపుల్ల నములుతూ, పంచె మార్చుకుని, అప్పుడే నిద్ర లేచినవాడిలా గడప మీదికి వచ్చాడు.

"ఏమిరా, పడుగును ఇట్లా చేసిపెట్టినావు?"

"భూమి అదిరింది గదా పెద్నాయనా!"

"భూమా? ఏ భూమి?"

"ఏ భూమా! మన కాళ్ళ కింద ఉండాదే, ఈ భూమి!"

"నా కాళ్ళ కింద ఏమీ అదర్లేదే" అని పుల్ల ఉమ్మేశాడు.

ఎదురింటి తాత వైపు తిరిగి, "తాతా, నువ్వన్నా చెప్పు, నువ్వు దూకలేదా?" అన్నాను. "నేనా నాయనా? కర్ర లేకుండా నేను గడప దాటింది ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు తాత, మోకాలి దాకా ఎండిన గంజితో. బావను పట్టుకుంటే, "నేను అప్పుడే చెంబు తీసుకుని వంక తట్టు పోయినా మచ్చా, ఏం జరిగిందో తెలీదు" అని చెయ్యి విడిపించుకున్నాడు. ఇంటింటికీ తిరిగాను. ఒకడు నిద్రలో ఉన్నాడు, ఒకడు స్నానంలో ఉన్నాడు, ఒకడైతే ఊర్లోనే లేడు (ఆ మాట నాకు చెప్పింది ఆ మనిషే). భూమి అదిరిందని ఒప్పుకుంటే బయటికి పరిగెత్తామని ఒప్పుకోవాలి. పరిగెత్తామంటే పడుగు తొక్కామనాలి, తొక్కామంటే మొక్కాలి. అందుకని వీధి అంతా ఏకమై భూకంపాన్నే రద్దు చేసింది. మొదటి పడుగునే నాశనం చేసుకున్న చేతకానివాడిగా నేను మిగిలాను. పెద్నాయన నాయన మగ్గం మీది చాపను సరిచేసి, దాని మీద నూలు బుట్ట పెట్టాడు. ఆ బుట్టను చూసినప్పుడు వచ్చిన కోపం ఇంక నా జన్మలో రాలేదు. అన్నం మానేశాను. ఒక పూటే అనుకోండి, అయినా మానేశాను.

మరుసటి రోజే రైలెక్కి కాట్పాడిలో దిగి వేలూరు పోయాను. మా వీధిలో రాని భూకంపం వేలూరికి కూడా రాలేదంటారేమో చూద్దామని. అక్కడ నాకు ఇంకో రకం తలనొప్పి ఎదురైంది. వేలూరంతా దాని మాటే! అంగట్లో ఒకాయన కోట అగడ్తలో నీళ్ళు చేపలతో సహా రోడ్డు మీదికి వచ్చాయన్నాడు. ఇంకొకాయన ఇంట్లో పొయ్యి మీది అన్నం కుండ ఎగిరి పక్కింటి పొయ్యి మీద కూర్చుందట, చుక్క గంజి ఒలకలేదట. మావాళ్ళు ఉన్నది లేదంటుంటే వీళ్ళు లేనిది ఉందంటున్నారు. ఎవరి మీద మండిపడాలో తెలియక, బాగాయంలో ఉండే మా మేనమామ దగ్గరికి పోయి గోడు వెళ్ళబోసుకున్నాను. "సుమ్మా ఉండు అల్లుడా, ఊరికే గాబరా పడొద్దు, నేను వస్తా సాక్షికి. కోట గోడ మనిషెత్తు లేచి మళ్ళా కూర్చునింది. నా కండ్లతో చూసినా" అన్నాడు. (మామ ఇంటి దగ్గర్నుంచి కోట కనబడదు. కోపంలో ఉన్నాను గనక ఆ సంగతి నాకు తట్టలేదు.)

మామను వెంటబెట్టుకొచ్చి పంచాయితీ పెట్టమని పట్టుబట్టాను. పెద్నాయన ఇంట్లోనే, నాయన మగ్గం ఉన్న గదిలోనే అందరూ కూర్చున్నారు. నేరస్థుడే తీర్పరి, సాక్షులంతా దొంగలు. మా మామ గొంతు సవరించుకుని కోట గోడ కథ చెప్పాడు. పెద్నాయన ఎంతో శాంతంగా విన్నాడు.

"మనిషెత్తు లేచిందా?"

"ఆమా, అవును. కడవుళ్ సత్యంగా, దేవుడి తోడు."

"అంత లేస్తే ఒక రాయన్నా రాలిందా?"

మామ కొంచెం ఆలోచించి, "రాల్లేదు" అన్నాడు.

"మావి మట్టి గోడలు నాయనా. నువ్వు చెప్పినట్టు అదిరి ఉంటే ఒక మట్టి పెళ్ళన్నా రాలుండాలి గదా. యాడ రాలిందో చూపించు, ఇప్పుడే ఒప్పుకుంటా."

అందరూ బుర్రలూపారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక ఆ మగ్గం నాది కాదని అర్థమైపోయింది. సరిగ్గా అప్పుడు మళ్ళీ అదే దడదడ మొదలైంది. నేల కదిలింది. గూట్లో చెంబులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. అటక మీది బుట్ట కింద పడింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను, ఇప్పుడైనా పరిగెత్తి దొరికిపోతారని. ఒక్కడు కదిలితే ఒట్టు! తాత కర్రను రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బావ నేలకు అరచేతులు ఆనించి, గోడ మీది బల్లిని అదేదో వింతలాగా చూస్తున్నాడు. పెద్నాయన పెదవులు దేవుణ్ణి తలుచుకుంటున్నాయి, మొహం మాత్రం రాయిలా ఉంది. వాళ్ళు లేచేదాకా నేనూ లేవకూడదని నాకు పంతం. చస్తే అందరం కలిసే చద్దామనుకున్నాను. కదిలినవాడు మా మామ ఒక్కడే. కోట గోడ లేవడం కళ్ళారా చూసిన ఆ ధైర్యశాలి పెరటి దారిన పోయి కాట్పాడి దాకా ఆగలేదని తర్వాత తెలిసింది. చివరికి పైకప్పు దగ్గర్నుంచి ఒక మట్టి పెళ్ళ ఊడి, నేరుగా వచ్చి పెద్నాయన నెత్తిన పడింది.

"గాలి" అన్నాడు పెద్నాయన.

అప్పుడు వంటింటి గుమ్మంలోకి మా పెద్దమ్మ వచ్చింది, చేతిలో గరిటెతో. మగవాళ్ళ పంచాయితీలో ఆమె నోరు తెరవడం మేమెవ్వరం ఎరగం.

"గాలా?" అంది. "ఏమయ్యా, ఈ పొద్దు నెత్తిన పెళ్ళ పడినా కూర్చునేంత ధైర్యం యాడ్నించి వచ్చింది నీకు? మొన్న అదిరినప్పుడు నన్ను గోడకు తోసి పరిగెత్తినావే! అప్పుడు ఈ ధైర్యం యాడ పెట్టినావు?"

తాత కళ్ళు తెరిచాడు.

"నేను పొయ్యి కాడ ఉండినాను. పైన కప్పు కిర్రుమంటా ఉండాది. రామ్మీ అని ఒక్క కేక వెయ్యలేదు ఈ మనిషి. పోనీ మళ్ళా లోపలికొచ్చినప్పుడన్నా, దెబ్బ తగిలిందా అని అడిగినాడా? గంజి పంచె నా మీదికి విసిరి, బిన్నా, తొందరగా ఉతుకు, ఎవురూ చూడకముందే అన్నాడు! బిడ్డ పడుగు తొక్కింది నువ్వు. దానికి మొక్కు. నాకేమీ మొక్కే పన్లేదులే."

పెద్నాయన నెత్తి మీది మట్టి దులుపుకోలేదు. తల వంచుకుని, "భయమేసిందే" అన్నాడు. ఆ గొంతు నేను అంతవరకు వినలేదు.

"భయం నాకూ వేసింది. నేనెవుర్ని తోసినాను?" అని పెద్దమ్మ లోపలికి పోయింది.

పెద్నాయన లేచాడు. గది మూల ముద్దగా పడి ఉన్న నా పడుగును వీధిలోకి మోసుకుపోయి పరిచాడు. అందరూ చూస్తుండగా మొక్కి, అక్కడే కూర్చుని పోగులు అతకడం మొదలుపెట్టాడు. తాత కర్ర పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. బావ వచ్చాడు. నిద్రలో ఉన్నవాడు, స్నానంలో ఉన్నవాడు, ఊర్లోనే లేనివాడు అందరూ వచ్చారు. గెలిచాను గనక నేను సంతోషించాలి. కానీ కళ్ళు చికిలించి పోగు వెతుక్కుంటున్న పెద్నాయనను చూస్తే కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కన కూర్చుని పోగులు అందించాను. పెద్దమ్మ అందరికీ మజ్జిగ పోసింది. పెద్నాయన చెంబు మాత్రం ఆయన చేతికి అందనంత దూరంలో పెట్టిపోయేది, పడుగు అతకడం పూర్తయ్యేదాకా.

అది పూర్తయిన పొద్దున ఆయనే నూలు బుట్ట దించి, చాప తీసి, నన్ను నాయన మగ్గం మీద కూర్చోబెట్టాడు. "ముడులు శానా ఉండాయి, చూసి నెయ్యిరా" అన్నాడు. చూసే నేశాను. అయినా నా మొదటి గళ్ళ లుంగీ నిండా ముడులే. దాన్ని ఏ షావుకారూ తీసుకోలేదు. పెద్నాయనే కట్టుకున్నాడు. చిరిగి పేలికలయ్యేదాకా అదే కట్టుకున్నాడు. ఆయన అది కట్టుకుని గడప దిగినప్పుడల్లా పెద్దమ్మ లోపలి నుంచి, "కాలికి తగులుకుంటుందేమో చూసి పరిగెత్తు" అనేది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. మట్టి గోడలూ పోయాయి. వీధి చివర రోడ్డు పడి బరువు లారీలు తిరుగుతున్నాయి. లారీ పోయినప్పుడల్లా ఇల్లు సన్నగా వణుకుతుంది, గూట్లో చెంబులు గలగలమంటాయి. నేత పనంతా పెద్నాయన దగ్గర నేర్చుకున్నాను గానీ, ఒక్క పని మాత్రం పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాను. కాలు కదపక ముందే నోరు తెరిచి, "ఏమే, రావే బయటికి! భూమి అదిరింది!" అని వంటింటి వైపు కేక వేస్తాను. మా ఆవిడ తల కూడా తిప్పదు.

"లారీ పోతా ఉండాది. సుమ్మా కూర్చోయ్యా."

"లారీ కాదే, నిజంగా అదిరింది!"

"అదర్లేదు."

వీధిలోకి తొంగి చూస్తాను. ఒక్క తలుపూ తెరుచుకోదు. ఈ వయసులోనూ నా మాట ఎవరూ నమ్మరు గదా అని పాత కోపం ముక్కు దాకా వస్తుంది. మళ్ళీ కూర్చుంటాను. నిజానికి అదరలేదనుకోండి. అయినా వచ్చే లారీకి కూడా కేక వేస్తాను.