తెరకు అవతల డాక్టరమ్మగారు

డాక్టరమ్మగారు పోయారని ఫోనుకు సందేశం వస్తే నేను నమ్మలేదు. ఈ రోజుల్లో ఏ సందేశం వెనక ఏ మోసం ఉంటుందో తెలియదు. ఆమె నంబరుకే ఫోన్ చేశాను. వాళ్ళ అక్కగారు ఎత్తారు. "నిద్రలోనే పోయిందండీ. గుండె అన్నారు," అని చెప్పారు. గుండె ఒక్కటేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆమె మానసిక వైద్యురాలు. గవర్నర్‌పేటలో తన ఇంట్లో కూర్చునే వీడియోలో రోగులను చూసేవారు. మాది ఇబ్రహీంపట్నం. నా తమ్ముడు థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పని మానేశాక గడప దాటడం కూడా మానేశాడు. క్షవరానికి సైతం బయటికి రాడు. ఆస్పత్రికి రానివాడికి ఇదొక్కటే దారి అన్నారు తెలిసినవాళ్ళు. నేను గవర్నర్‌పేట దగ్గర్లోనే ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ షాపులో రోజువారీ లెక్కలు రాస్తాను. కంటితో చూడని సరుకు చేరిందని రాయడం నాకు చేతకాదు. ఫోన్లో కనబడే డాక్టరును నమ్మడమూ అంతే. ఆ మాట ఆమెతోనే అన్నాను.

"నన్ను నమ్మొద్దండీ. మందు వాడి చూసి, అప్పుడు ఆలోచించండి," అన్నారు.

మొదటి రోజే ఫోను ఒకసారి గది చుట్టూ తిప్పమన్నారు. పక్కన ఎవరైనా వింటుంటే తమ్ముడు మాట్లాడలేడట. ఇల్లు చూసి మా స్థోమత అంచనా వేస్తున్నారనుకున్నాను.

"మరి మీ గదిలో ఎవరు వింటున్నారో మాకెట్లా తెలుస్తుందండీ?"

"న్యాయమే," అని నవ్వి, తన ఫోనూ తిప్పి చూపించారు. ఎవరూ లేరు. కిటికీ పక్కన స్టూలు మీద మూతపెట్టిన అన్నం పళ్ళెం ఉంది. అప్పటికే సాయంత్రం కావస్తోంది. మా తమ్ముడు తెర వైపు ఓరగా చూశాడు.

"అన్నం తిన్లేదా మేడమ్?"

"తింటానయ్యా. ఇంకొకళ్ళను చూడాలి."

"వాళ్ళ తర్వాత ఇంకొకళ్ళుంటారు గదా."

డాక్టరుతో వాడు మాట్లాడిన మొదటి మాటలవి. నేను వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతిసారీ తలుపు వెనక నుంచి ఇదే తగువు వినబడేది.

"మందు వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"ఏదీ, నాలుక చూపించు."

"ముందు మీరు మూత తియ్యండి."

ఒక్కోసారి ఆమె తిన్నానని అబద్ధమాడి దొరికిపోయేవారు. ఒక్కోసారి వాడు. ఒకరినొకరు నమ్మకపోవడం వల్లే ఇద్దరికీ కుదిరిందేమో.

ఆమె ఒక రోగికీ ఇంకో రోగికీ నడుమ కాసేపు ఆపేవారు. ఆ విరామంలో వేరే బేరాలు చూసుకుంటారని నాకు అనుమానం. ఒక మధ్యాహ్నం మందుల చీటీ మీది అడ్రసు పట్టుకుని షాపు నుంచి నడిచి వెళ్ళి, వాళ్ళ ఇంటి ఎదురుగా నిలబడ్డాను. ఆమె బాల్కనీలోకి వచ్చారు. గ్రిల్లుకు నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. కింద ఆటోల హారన్లు మోగుతూనే ఉన్నాయి. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళారు. పైకి వెళ్ళి పలకరించాలనిపించింది. ఏమని పలకరించాలో తెలియక షాపుకు తిరిగొచ్చాను. మాలాంటి ఇళ్ళ సంగతులన్నీ విన్నాక, ఆమె తన సంగతి ఎవరికి చెప్పుకునేవారో నాకు తెలియదు.

ఆమె పోయిన మాట చెబితే తమ్ముడు మందులు మానేస్తాడని భయపడ్డాను. దాచితే నన్ను మళ్ళీ ఎప్పటికీ నమ్మడు. చెప్పాను.

"ఎక్కడ మట్టి చేస్తున్నారు?"

"చర్చి వాళ్ళ సమాధుల తోటలో. వెళ్ళొస్తాను."

"బండి తియ్యి అన్నయ్యా."

వాడు బాగుపడ్డాడని నేను చెప్పను. దారి పొడవునా నా చొక్కా పట్టుకునే ఉన్నాడు. బండి దిగాక హెల్మెట్ తియ్యనన్నాడు. ప్రార్థన జరుగుతుంటే జనం వాణ్ణి వింతగా చూశారు. డాక్టరమ్మగారి అక్కగారు నా దగ్గరికొచ్చి, "ఆ అబ్బాయి ఎవరండీ?" అన్నారు. రోగి అని పదిమందిలో ఎలా చెప్పను? తెలిసినవాళ్ళమన్నాను.

అందరితో పాటు వాడూ వంగి, పిడికెడు మట్టి వేశాడు. హెల్మెట్ అద్దం లోపలి నుంచి ఆవిరి పట్టింది. ముఖం కనబడలేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆ మసక కాస్త తగ్గి, మళ్ళీ కమ్ముకుంటోంది.