పుంగనూరు బస్టాండులో మునికృష్ణ రాసిన మెనూ

పుంగనూరు బస్టాండులో విచారణ కౌంటర్ అంటే ఇరవై రెండేళ్లుగా మునికృష్ణే. కుప్పం బస్సు ఎప్పుడని అడిగితే చాలు, పలమనేరు, వి.కోట మీదుగా వెళ్లే బస్సులన్నీ వేళలతో సహా చెప్పేసేవాడు. కాగితం చూడాల్సిన అవసరమే ఉండేది కాదు.

యాభై మూడో ఏట గొంతులో గడ్డ లేచింది. మదనపల్లెలో ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణానికి ఢోకా లేదు గానీ మాట గుసగుసగా మిగిలింది. కౌంటర్ అద్దం అవతల నిలబడ్డవాళ్లకు ఒక్క ముక్కా వినపడేది కాదు.

"లోపల ఆఫీసులో కూర్చోప్పా, ఫైళ్లు సూసుకుందువు" అన్నాడు పై అధికారి చంద్రశేఖర్, అతని మంచికే.

మునికృష్ణ రెండు నెలలు గడువడిగాడు.

బస్టాండు ఎదురుగా మేడ మీద ముస్కాన్ అనే అమ్మాయి కంప్యూటర్ క్లాసులు చెబుతుంది. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి ఆ మెట్లెక్కాడు. తనకు కావలసింది కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టాడు: స్క్రీన్ మీద ఊళ్ల పేర్లు, పక్కన నంబర్లు. నంబరు నొక్కితే ఆ ఊరి బస్సులు కనపడాలి.

"దీన్ని మెనూ ప్రోగ్రాం అంటారు అంకుల్. అరగంట పని. నేనే రాసిస్తా" అంది ముస్కాన్.

మునికృష్ణ దగ్గరికి వంగాడు. "రేపు బస్సు టైము మారితే మళ్లీ నీ కాడికి రావల్లనా? నాకే నేర్పించమ్మా."

అతని చదువు పదో తరగతి. కాలేజీ పిల్లల మధ్య కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశాడు. పది రోజులకు మెనూ కనిపించింది. ఒకటి నొక్కితే మదనపల్లె బస్సులు వరసగా వచ్చాయి. సంబరంగా రెండు నొక్కాడు. ఏమీ జరగలేదు.

"యాల ఆగిపోయిండాది?"

"ఒక్కసారే అడగమన్నారు, ఒక్కసారే అడిగింది. బస్టాండుకు ఒక్క మనిషే వస్తాడా అంకుల్?"

అలా లూప్ నేర్చుకున్నాడు. మెనూ మళ్లీ మళ్లీ రావడానికి అదే మార్గం. అయితే ఎక్కడ ఆగి నంబరు కోసం చూడాలో చెప్పడం మరిచాడు. స్క్రీన్ నిండా మెనూలు ఏరు పారినట్టు పరుగెత్తాయి. కంగారుపడి వైరు పీకేశాడు. క్లాసంతా నవ్వింది, అతనూ నవ్వాడు.

ఆ తప్పు సరిచేసి, కంప్యూటర్‌ను కౌంటర్ దగ్గర పెట్టిన మొదటి రోజు మాత్రం నవ్వు రాలేదు. కాలేజీ కుర్రాడొకడు నంబరుకు బదులు కుప్పం అని టైపు చేశాడు. ఎర్రటి అక్షరాలు చూపించి ప్రోగ్రాం పడిపోయింది. "ఇదేం మిషనప్పా!" అన్నారు వెనకాల ఎవరో. చంద్రశేఖర్ చూస్తూనే ఉన్నాడు. మునికృష్ణ కంప్యూటర్ మీద తువ్వాలు కప్పి, మేడ మెట్లెక్కాడు.

"నేను సరిగ్గానే రాసినా. వాళ్లే తప్పు నొక్కినారు" అన్నాడు ముస్కాన్‌తో.

"బస్టాండులో అందరూ సరిగ్గానే అడుగుతారా అంకుల్?"

ఆ మాటతో మునికృష్ణ మొహం విప్పారింది. తప్పు ప్రశ్నల గురించి ఇరవై రెండేళ్లు కౌంటర్లో కూర్చున్నవాడికి ఎవరు చెప్పాలి? వెంకటగిరికోట బోర్డు పక్కనే నిలబడి, అదీ ఇదీ ఒకటేనని తెలియక వి.కోట బస్సు యాడ అనేవాళ్లు, ఊరి పేరు చెప్పకుండా టమోటా మార్కెట్ బస్సు అడిగేవాళ్లు, ఏమీ అడగకుండా ఊరికే నిలబడేవాళ్లు. గుర్తొచ్చినవన్నీ రాసుకుని, ఒక్కోదానికీ ప్రోగ్రాంలో ఒక్కో జవాబు పెట్టాడు. ఏదీ కాకపోతే, 'ఆ నంబరు లేదు. మళ్లీ నొక్కండి' అని మర్యాదగా చెప్పి మెనూ చూపించేలా చేశాడు. ఈసారి ముస్కాన్ సాయం అడగలేదు.

నాలుగో రోజు ఆమె కూర్చుని పావుగంట సేపు అడ్డదిడ్డంగా మీటలు నొక్కింది. "నేను దీన్ని పడేయలేకపోయినా అంకుల్!" అంటూ చప్పట్లు కొట్టింది. మునికృష్ణ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తన పెళ్లిలో కూడా అంత దర్జాగా కూర్చోలేదు.

కౌంటర్ అతనిదే అయింది. నెల తిరక్కుండానే చంద్రశేఖర్ అతన్ని కుప్పం పంపాడు, అక్కడా ఇలాంటిదే పెట్టి రమ్మని. అక్కడి కౌంటర్లో ఉండే కృష్ణమ్మ మెనూ చూసి పెదవి విరిచింది.

"మా కాడికి కోలారు వాళ్లు వస్తారప్పా. తెలుగు సదవలేరు. వాళ్లకేం దారి?"

మునికృష్ణకు కన్నడం రాదు, కృష్ణమ్మకు వచ్చు. మొదట భాష అడిగి ఆ తర్వాత ఊళ్లు చూపించేలా అతను మార్చాడు. కన్నడంలో ఊళ్ల పేర్లు ఆమె టైపు చేసింది. గంట పట్టింది. వెంటనే ఒక ముసలి జంట వచ్చి, కన్నడం ఎంచుకుని, కేజీఎఫ్ బస్సు చూసుకున్నారు. ఎవరు రాశారని పెద్దాయన అడిగితే కృష్ణమ్మ మునికృష్ణను చూపించింది. పెద్దాయన అతని చేయి పట్టుకుని గట్టిగా ఊపాడు.

తిరుగు బస్సెక్కగానే మునికృష్ణ ముస్కాన్‌కు మెసేజ్ పెట్టాడు: "కుప్పంలో నిలబడింది. కన్నడం కూడా చేర్చినా. తమిళం వచ్చే వారం."