ఒంటికన్నమ్మ మింగిన చాక్లెట్లు

కుట్టుమిషన్ల గదిలో, చివరి బల్ల మీద, నల్లబట్టలోని తప్పుకుట్లు పట్టడం ఆమె పని. నెత్తిన మిణుకుమిణుకుమనే ట్యూబులైటు. తలలో ఒక పక్క సమ్మెటపోట్లు మొదలై కడుపులో తిప్పుతుంటే, వెలుతురు భరించలేక ఒక కన్ను మూసుకుని పనిచేసేది. అందుకే అందరికీ ఒంటికన్నమ్మ. అన్నయ్య మంచాన పడ్డాక ఆ ఇంటికి ఆమె, వదిన తెచ్చే జీతాలే ఆధారం.

మైగ్రేన్ గుణం ఆమెకు తల్లి నుంచి వచ్చింది. దాన్ని రోజూ రెచ్చగొట్టే ఏర్పాటు మాత్రం యాజమాన్యానిది. మరుగుదొడ్డికి మేస్త్రీ అనుమతి కావాలి. ఆ సిగ్గుచేటు తప్పించుకోవడానికి ఆడవాళ్లు నీళ్లే మానేశారు. పని తెమలకపోతే తిండి వాయిదా. షిఫ్టు మారితే నిద్ర తలకిందులు. వీటన్నిటికీ మేస్త్రీ దగ్గర ఒకటే జవాబు: జేబులోని నొప్పిమాత్రలు. వాటికి అతను పెట్టిన ముద్దుపేరు 'చాక్లెట్లు'. మనిషిని మళ్లీ బల్లకు కట్టేయడానికి మందు మింగించి, దాన్ని దయ అని చెప్పుకోవడం ఎంత రోత!

పక్క బల్ల మీద పనిచేసే వదిన ఆమెను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"రోజూ మింగితే ఆ మాత్రలే నొప్పిని తిరిగి తెస్తాయమ్మా. వేళకు తిను, వేళకు పడుకో, నీళ్లు తాగు. తరచుగా రాకుండా చూసే మందు వేరే ఉంది, రాసిస్తాను. ముందు ఆ లైటు మార్పించు."

"లైటు మార్చమంటే నన్నే మార్చేస్తారండీ."

అయినా అడిగింది.

"లైటట, నీళ్లట! నువ్వే నాకు పెద్ద తలనొప్పివి!" అన్నాడు మేస్త్రీ.

"అయితే మీరూ ఓ చాక్లెట్ వేసుకోండి సార్."

గది గొల్లున నవ్వింది. జబ్బు నటిస్తోందంటూ ఆమెను ఆ సాయంత్రమే తీసేశారు.

ఇంట్లో నిద్రా తిండీ వేళకు కుదిరాయి, మందు పనిచేసింది, నొప్పి అరుదైంది. పని తిరిగి ఇమ్మని యాజమాన్యం పెట్టిన విచారణలో కోరితే, విచారణాధికారి ఆ కోలుకోవడాన్నే ఆమెపై సాక్ష్యం చేశాడు.

"పని మానగానే తగ్గిందంటే నటనే కదమ్మా?"

విషం పెట్టడం ఆపగానే బతికినవాణ్ని చూపించి, అసలు విషమే లేదని తేల్చే తర్కం ఇది. దీన్ని తీర్పు అనడానికి నోరు రాదు. ఉద్యోగం రాలేదు.

ఖాళీ అయిన ఆ చివరి బల్లకు వదినను మార్చారు. మొదటిరోజే ఆమె కణతలు నొక్కుకుంది. మేస్త్రీ జేబు తడుముకున్నాడు.

"చాక్లెట్ కావాలా?"

వదిన సీసా ఎత్తి, అతని కళ్లెదుటే గటగటా నీళ్లు తాగింది. కాసేపటికి, ఎవరినీ అడక్కుండా లేచి మరుగుదొడ్డికి వెళ్లింది. ఆమె వెనకాల ఇంకో కుర్చీ కదిలింది.