మామగారి ఏటవాలు

మామగారు బుద్ధెరిగాక ఎవరినీ లేచి వెళ్లమని అనలేదు. అయినా ఎవరు వెళ్లిపోతే బాగుండునని ఆయన అనుకుంటే వాళ్లంతా ఎవరికి వాళ్లే లేచి, చెప్పులు తొడుక్కుని, పైగా ఆయనకే థాంక్స్ చెప్పి మరీ వెళ్లేవారు. ఈ సంగతి పెళ్లికి ముందే తెలిసి ఉంటే అల్లుడు ఆ ఇంట్లో కుర్చీ జోలికి పోయేవాడే కాదు, నిలబడే కాలక్షేపం చేసేవాడు.

ఆయన వృత్తి అలాంటిది. పెద్ద పెద్ద కట్టడాల మీద పావురాలు కూర్చోకుండా చూడటం ఆయన పని. కిటికీ అంచులు, స్తంభాల తలలు, గడియారం ముళ్లు, గుమ్మం మీది రాతి సింహం నెత్తి, ఎక్కడ చోటు దొరికితే అక్కడ అవి సంసారం పెడతాయి, గోడలు పాడవుతాయి. ఈ పనికి మిగతావాళ్లు ఇనప ముళ్లు కొడతారు, జిగురు పూస్తారు. మామగారికి ఆ మోటు పనులు గిట్టవు. బల్లపరుపుగా ఉన్న అంచు మీద అదే రంగు చెక్కను ఏటవాలుగా బిగిస్తారు. పావురం దిగుతుంది, కాళ్లు జారతాయి, సర్దుకుంటుంది, మళ్లీ జారుతుంది, ఇదేదో మనకు కుదిరే చోటు కాదులే అనుకుని తనంతట తానే ఎగిరిపోతుంది. ఏటవాలు పట్టని చోట వెంట్రుకంత సన్నటి స్టీలు తీగను చిన్న చిన్న స్ప్రింగులకు లాగి కడతారు. కాలు పెడితే తీగ ఊగుతుందంతే. గూట్లో గుడ్లుంటే మాత్రం పిల్లలకు రెక్కలొచ్చేదాకా పని ఆపేస్తారు. యజమాని ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కదు.

"మనం లేపామని వాటికి తెలియకూడదండీ. తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటాయి" అనేవారు.

పని మనుషులకు కూడా కనబడకూడదన్నది ఆయన రెండో పట్టుదల. దాంతో వచ్చే చిక్కులు ఇన్నీ అన్నీ కావు. ఓసారి పాత గ్రంథాలయానికి పని పూర్తి చేశాక అక్కడి అధికారి రోడ్డు మీద నిలబడి మెడ పట్టేసేదాకా పైకి చూశారు.

"ఏమీ చేసినట్టు లేదే?"

"సంతోషమండీ."

"సంతోషానికేం గానీ, పని ఎక్కడ?"

"పావురాలు కనబడుతున్నాయా?"

అధికారి మళ్లీ చూశారు. లేవన్నారు.

"అదేనండీ పని" అన్నారు మామగారు వినయంగా. ఊళ్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన ఏటవాలుగారు.

వృత్తి వీధిలో ఆగి ఉంటే బాగానే ఉండేది. అది ఆయన వెంటే ఇంట్లోకి కూడా వచ్చేసింది. వసారాలో వచ్చినవాళ్ల కోసం ఓ కుర్చీ ఉండేది. దాని ముందు కాళ్లు బొటనవేలి మందాన చెక్కేసి ఉన్నాయని ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. బీమా ఏజెంటు వచ్చి కూర్చునేవాడు. మనిషి మంచివాడే, కాకపోతే మాట మొదలుపెడితే పొద్దు గుంకాల్సిందే. పాలసీ గొప్పదనం చెబుతూ చెబుతూ కొంచెం ముందుకు జారేవాడు, వెనక్కి సర్దుకునేవాడు, మళ్లీ జారేవాడు. మనిషి పోయాక కుటుంబానికి ఏమొస్తుందో చెప్పే ఘట్టానికి వచ్చేసరికి కుర్చీ చివర కొసకి చేరి, "మరి నేను వస్తానండీ, ఎందుకో నడుము లాగేస్తోంది" అని లేచిపోయేవాడు. మామగారు గేటు దాకా వెళ్లి సాగనంపేవారు.

పక్కింటాయనకి రోజూ పొద్దున్నే ప్రహరీ మీద మోచేతులు రెండూ ఆనించి, మామగారి పేపరును మామగారికే చదివి వినిపించే అలవాటు ఉండేది. ఒకరోజు గోడ పొడుగునా సన్నటి తీగ వెలిసింది. గుచ్చుకోదు, కనబడదు, మోచెయ్యి మాత్రం నిలవదు. పాపం ఆయన చేతుల్లో ఏదో వణుకు పుట్టిందని డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. డాక్టరు మాత్రలు రాసిచ్చారు. అవి వేసుకుని ఇంట్లోనే కూర్చుంటే వణుకు తగ్గిందని ఆ డాక్టరుకి మంచి పేరొచ్చింది. అత్తగారి అన్నయ్య చుట్టపుచూపుగా వచ్చి నెలల తరబడి తిష్ట వేసినప్పుడు మంచం తలవైపు రవ్వంత దిగింది. ఆయన కలల్లో నూతిలో పడుతున్నానని చెప్పి, ఇక్కడి గాలి తనకు పడలేదని తేల్చుకుని ఊరికి వెళ్లిపోయారు. అత్తగారు వారం పాటు మామగారితో ముక్తసరిగా మాట్లాడారు.

అలాంటి ఇంటికి అల్లుడు భార్యతో సహా నాలుగు రోజులుందామని వచ్చాడు. అతను బోర్డులు రాసే ఆర్టిస్టు. అక్షరం రాస్తే రోడ్డు ఆ చివర నుంచి కనబడాలి, అదీ అతని పనితనం. తీరా చూస్తే దుకాణాలవాళ్లంతా ప్రింటు బోర్డులకి ఎగబడ్డారు, అతని కుంచెలు ఎండిపోయాయి. అద్దె ఇల్లు ఖాళీ చేశారు. నాలుగు రోజులు పోయి నెలలు గడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే అతన్ని చంపేసేది. ఆ ఇంట్లో ఎవరినీ ఏమీ అనరని అతనికి బాగా తెలుసు.

వసారా చివర చేతుల కుర్చీ ఒకటి అతనికి అలవాటైంది. మధ్యాహ్నాలు అక్కడ చాలా మెత్తగా గడిచేవి. డాబా మీద మామగారు పాత తలుపు చెక్కలతో బల్లపరుపు అరలు కట్టారు. ఊళ్లో తాను లేపిన పావురాల్లో సగం అక్కడికే చేరేవి. వాటిని ఆయన "మన పాత పార్టీలు" అనేవారు. వాటి గుర్గురు మెట్ల మీదుగా దిగి వచ్చి, ఎండలో కలిసి, వసారా అంతా నిండేది. ఆ చప్పుడు వింటుంటే కళ్లు వాటంతటవే మూతలు పడేవి. కానీ అల్లుడు నిద్రపోయేవాడు కాదు. జేబులో గోళీ పెట్టుకుని తిరిగేవాడు. అది అతని భార్య చిన్నప్పటిది, గాజుది, లోపల నీలం మెలిక ఉండేది. రోజూ కూర్చునే ముందు అటూ ఇటూ చూసి, కుర్చీ మధ్యలో గోళీ పెట్టేవాడు. అది కదలకపోతే ఊపిరి పీల్చుకుని, అప్పుడు మాత్రం అంచున, సగం సీటు మీద కూర్చునేవాడు.

ఒకరోజు పని కోసం నాలుగు దుకాణాలు తిరిగి, నాలుగు చోట్లా లేదనిపించుకుని వచ్చేసరికి పెరట్లోంచి రంపం చప్పుడు వినబడింది. గుమ్మంలోనే ఆగిపోయాడు. మర్నాడు గోళీ పెట్టాడు. వేలు తీశాడో లేదో అది జరజరా దొర్లి, ఎటు పోయిందో చూసుకునేలోపే టక్కున కింద పడి కనబడకుండా పోయింది.

"అయిపోయింది" అన్నాడు భార్యతో. "నా వంతు వచ్చింది."

ఆవిడ బట్టలు మడత పెడుతోంది. "నాన్నని అడగండి."

"ఏమని అడగను? నన్ను జారుస్తున్నారా అనా?"

ఆవిడకి నవ్వొచ్చింది గానీ అతని మొహం చూసి ఆపుకుంది. తనకి మాత్రం అలా అనిపించడం లేదంది. అతను వినిపించుకోలేదు. వేరే ఊళ్లో పని వెతుక్కుని, గది దొరికాక నిన్ను తీసుకెళతానని చెప్పి సంచి సర్దాడు. తనంతట తానే వెళ్లిపోవడమే ఆ ఇంటి మర్యాద, ఆ మర్యాద తాను చెడగొట్టనన్నాడు. అన్నాడే గానీ మడిచిన చొక్కానే మళ్లీ విప్పి మడిచాడు. ఆ ఇల్లంటే అతనికి అంతిష్టమని అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం బస్సు. అత్తగారు వంటింట్లో ఉన్నారు, మామగారు డాబా మీద. బూట్లు తొడుక్కుని లేసులు కట్టుకోవడానికి ఇంకెక్కడా చోటు లేక ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఎలాగూ జార్చేదే కదా, త్వరగా లేవొచ్చు అనుకున్నాడు. ఒక లేసు కట్టాడు. రెండో దాని కోసం వంగబోతే వంగలేకపోయాడు. నడుము వెనక్కి వెళ్లింది, వీపు ఆనింది, తల ఆనింది. ఒళ్లంతా కుర్చీ లోపలికి దిగిపోయినట్టయింది. లేవాలనుకున్నాడు. లేస్తాలే, ఇంకొంచెం ఆగి లేస్తా అనుకున్నాడు. పైనుంచి పావురాల గుర్గురు దిగి వచ్చింది.

కలలో అతను ఎత్తైన కట్టడం అంచు మీద నిలబడి ఉన్నాడు. కింద వీధులు లేవు, అంతా తెల్లటి వెలుతురే. అంచు పొడుగునా పావురాలు బారుగా కూర్చుని ఉన్నాయి. చోటెక్కడుందా అని అతను చూస్తుంటే, ఆ చివరి పావురం కాస్త జరిగింది, దాని పక్కది కాస్త జరిగింది, అలా జరిగి జరిగి సరిగ్గా అతనికి పట్టేంత చోటు ఏర్పడింది. అతను కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. కాళ్లకి బూట్లు లేవు. ఎవరో విప్పి పక్కన జోడుగా పెట్టారు. ఎదురుగా మెట్టు మీద మామగారు కూర్చుని టీ తాగుతున్నారు. ఆయన గోళీని వేళ్లతో పట్టుకుని వెలుతురుకి చూసుకుంటున్నారు.

"మీదేనా? గోడవార దొరికింది."

అల్లుడు సిగ్గుతో లేవబోయాడు. కుర్చీ లేవనివ్వలేదు. అప్పుడు వంగి చూశాడు. తగ్గింది ముందు కాళ్లు కాదు, వెనక కాళ్లు.

"మామయ్యగారూ, ఇది వెనక్కి కదా వాలింది!"

"అవును."

"నేను లేచి వెళ్లాలని కోశారనుకున్నాను."

మామగారు టీ గ్లాసు పక్కన పెట్టారు. ఆయన మొహంలో అంత కంగారు అల్లుడు ఎప్పుడూ చూడలేదు.

"మీరు ఈమధ్య అంచున కూర్చుంటున్నారు. నా జన్మంతా చూసిందే గదా, ఎగిరిపోయే ముందు పావురం అలాగే కూర్చుంటుంది. నోటితో చెబుదామంటే నాకు చేతకాదు. ఉండమనీ అనలేను, వెళ్లమనీ అనలేను. అందుకని..." అని రంపం కోస్తున్నట్టు చెయ్యి ఆడించారు.

కళ్లు తుడుచుకుంటే ఆయన చూస్తారని అల్లుడు గోళీ అందుకుని దాన్ని తుడిచాడు. మామగారు చెక్కలకి రాతిరంగు వేస్తుంటే తనకి కుదరడం లేదని, రంగులు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండునని ఆకాశంతో చెప్పారు.

"కనబడకుండా వెయ్యడం నాకు రాదండీ. ఇన్నాళ్లూ కనబడాలనే రాశాను" అన్నాడు అల్లుడు.

"మెల్లగా వస్తుందిలెండి."

వచ్చింది. మొదటి చెక్క రోడ్డు ఆ చివర నుంచి కనబడింది, రెండోది దగ్గరికొస్తే కనబడింది, ఆ తర్వాతవి మాత్రం ఎక్కడ బిగించారో అతనికే గుర్తుండేది కాదు.

కథ ఇక్కడ ముగియాలి గానీ, ఓ సాయంత్రం బీమా ఏజెంటు వచ్చాడు. వచ్చినవాళ్ల కోసం వేసిన కుర్చీ తన నడుముకి పడటం లేదని నేరుగా వెళ్లి అల్లుడి కుర్చీలో కూర్చున్నాడు. సగం పాలసీ చెప్పేసరికి మాట ముద్దగా అయింది. ఇంకాసేపటికి నోరు తెరుచుకుని హాయిగా గుర్రు పెట్టాడు. డాబా మీది పావురాలు వంత పాడాయి. అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి, రాత్రి భోజనానికి ఆయన్ని కూడా లెక్కేయాలా అని అడిగారు.

మామగారు, అల్లుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లేవండని ఇద్దరిలో ఎవరూ అనలేరు. మామగారు పెరట్లోకి వెళ్లి ఇటుకలు తెచ్చారు. అల్లుడు ఊపిరి బిగబట్టి కుర్చీ వెనక భాగాన్ని వెంట్రుక వాసి ఎత్తుతూ పోయాడు. మామగారు వెనక కాళ్ల కింద ఒక్కో ఇటుకే తోశారు. ఏజెంటు నిద్రలోనే కొంచెం ముందుకు జారాడు, సర్దుకున్నాడు, మళ్లీ జారాడు, కళ్లు తెరిచాడు.

"మరి నేను వస్తానండీ" అన్నాడు. "చాలా బాగా మాట్లాడుకున్నాం."

మామగారు గేటు దాకా సాగనంపడానికి వెళ్లారు. ఆయన తిరిగి వచ్చేసరికి అల్లుడు ఇటుకలు తీసి గోడవార పెట్టేసి, వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కుర్చీ నిండా కూర్చుని ఉన్నాడు.