గుంత చుట్టూ లేచిన ఇల్లు

డెబ్బైల చివర ఒక ఎండాకాలం, తిరుత్తణి దగ్గర మా నేతవీధి కాలిపోయింది. కొండమీద ఎండుగడ్డికి అంటుకున్న మంట గాలికి కిందికి దిగి మా తాటాకు ఇళ్లన్నిటినీ బూడిద చేసింది. మనుషులం బతికి బయటపడ్డాం. మగ్గం కాలిపోయింది. మగ్గం కింది గుంత మాత్రం అలాగే ఉంది, గుంతను మంటేం చేస్తుంది? నేసేవాళ్లు అందులోకి కాళ్లు దించుకుని, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తారు. మాకు ఇల్లంటే ఆ గుంత చుట్టూ ఉండేదే.

వానలు రాకముందే ఇళ్లు లేవాలి. ఆవడి వైపు ఒక ఫ్యాక్టరీలో పోతపోసిన సిమెంటు గోడల్ని లారీల్లో తెచ్చి నిలబెడతామని ఆఫీసు వాళ్లు వచ్చి చెప్పారు. వీధి ఒప్పుకోవాలట. వీధి అంటే మా తాతే. ఆయనకు కోపం ముక్కుమీద ఉండేది. నాకూ అదే వచ్చిందని ఇంట్లో ఇప్పటికీ అంటారు.

మొదటి లారీ వచ్చిన రోజు తాత గోడల్ని ఎగాదిగా చూశాడు. "ఫ్యాక్టరీలో జేసిన ఇంట్లో గుంత యాడుంటుంది? నున్నగా సిమెంటు పూసిస్తే దాంట్లో ఏం నేసేది? మాకొద్దు" అనేశాడు.

మీకొద్దంటే ఇంకో ఊరికి ఇచ్చేస్తామని ఆఫీసరు వెనక వచ్చే లారీలను ఆపించాడు. గోనెపట్టాల నీడలో కూర్చున్న ఆడవాళ్ల మొహాలు మాడిపోయాయి. తాత మీద నాకు ఒళ్లు మండింది.

మా అమ్మ మామకు ఎదురుచెప్పి ఎరగదు. ఆ రోజూ చెప్పలేదు. చీపురు తీసుకుని గుంతలోకి దిగి, బూడిదంతా ఎత్తిపోసింది. తర్వాత నేతకు కూర్చున్నట్టే కాళ్లు దించుకుని గట్టు మీద కూర్చుంది.

"సుట్టూరా గోడలు నిలబెట్టన్నా. నేనీడే ఉంటా. గుంతలో మాత్రం సిమెంటు పొయ్యొద్దండి" అంది, లారీతో వచ్చిన మేస్త్రీతో.

మేస్త్రీ ఆఫీసరు మొహం చూశాడు. ఆఫీసరు తాతను చూశాడు. తాత అటు తిరిగి నిలబడ్డాడు. కాదనలేదు గనక ఔనన్నట్టే లెక్క.

"సరిమ్మా" అని మేస్త్రీ పని మొదలుపెట్టాడు.

గోడలు ఒక్కొక్కటే లేచాయి. అమ్మ కదల్లేదు, నేనిచ్చిన మజ్జిగ కూడా అక్కడే తాగింది. పైన రేకులు పడేసరికి లోపల చల్లటి నీడ వచ్చింది. గుంతను వదిలేసి మిగతా నేల రేపు పూస్తానన్నాడు మేస్త్రీ.

పొద్దుగూకే ముందు తాత లోపలికి వచ్చాడు. గోడను వేళ్లతో తట్టి చూశాడు. తిట్లు పడతాయని మేమంతా బిగుసుకుపోయాం.

"లెయ్యిమ్మా, నన్ను కూసోనీ."

అమ్మ లేచింది. తాత గుంతలోకి కాళ్లు దించుకుని, అక్కడ లేని చెక్కలను మెల్లగా తొక్కాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి మేస్త్రీని పిలిచి, "తక్కిన లారీలు యాడికి బొయినాయి? రమ్మను" అన్నాడు.