సీలు వేసిన అంబులెన్సు

ఎర్ర సముద్రం ఒడ్డున, రాబిగ్ అనే ఊరు దాటాక వచ్చే ఒక రేవులో దిగాను. జూలై నెల. ఉదయం ఏడింటికే, నేను పని చెయ్యాల్సిన ఓడ ఇనుప మెట్ల కమ్మీని వట్టి చేత్తో పట్టుకోలేకపోయాను. మన సైన్యంలో పద్దెనిమిదేళ్లు బండ్లు బాగుచేసి, హవల్దారుగా రిటైరై, ఏజెంటు ద్వారా అక్కడ చేరాను. ఓడ పరాయి దేశపు సైన్యానిది. మా జీతాలు ఒక కాంట్రాక్టరువి.

ఊళ్లో అందరూ ఒకటే అడుగుతారు, యుద్ధం చూశావా అని. ఏం యుద్ధం, నా మొహం! యుద్ధమెప్పుడొచ్చినా అందుబాటులో ఉండాలని ముందే సరుకంతా నింపి సముద్రం మీద ఉంచే ఓడ అది. ట్రక్కులు, జనరేటర్లు, డబ్బాల తిండి, నీళ్ల సీసాలు. అట్టడుగు అంతస్తులో అంబులెన్సులు, గొలుసులతో నేలకు బిగించి. తలుపులకు తాళం, తాళానికి నంబరున్న సీలు. సరుకు చూసే ఆఫీసరును మేట్ అనేవాళ్లం. వారానికోసారి అతను తాళంచెవులు తెస్తాడు. సీలు తీసి, ఇంజిన్లు కాసేపు నడిపి, మళ్లీ కొత్త సీలు వేస్తాం. మిగతా రోజుల్లో ఆ తలుపుల మీద చెయ్యి పడకూడదు.

గొలుసులు బిగించేది మస్తాన్, కడప జిల్లావాడు. నన్ను లేని హోదాతో ఆటపట్టించేవాడు.

"ఏం సుబేదారన్నా, యుద్ధం ఎప్పుడంట? ఇవి బిగించీ బిగించీ నా నడుము పడిపోతాంది."

"హవల్దారునురా నేను. యుద్ధం రాకుంటేనే మనకు జీతం. నోర్మూసుకొని బిగియ్యి."

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, కరెంటు మరమ్మతుకని ఓడలో ఫ్యాన్లూ లిఫ్టూ ఆపేశారు. మా పని మాత్రం ఆపలేదు. మర్నాడు తనిఖీ అట! కింద గాలి లేదు. క్యానులో నీళ్లు కాగిపోయాయి. ఒంటిగంటకు మస్తాన్ చేతిలోంచి గొలుసు జారింది. పట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. రాజస్థాన్ ఇసుకలో వడదెబ్బ తిన్నవాళ్లను చూశాను. వెంటనే చల్లబరచకపోతే మనిషి దక్కడు.

పైకి వెళ్లాలంటే నిలువు నిచ్చెనలు. ఒక్కణ్ణే మోయలేను. వాకీటాకీలో మేట్‌ను పిలిచి, పక్కనే అంబులెన్సు ఉంది, అందులో ఏసీ ఉంది, తాళంచెవి పంపండి అన్నాను.

"కుదరదు. అది స్టాకు. రేవు అంబులెన్సు వస్తోంది. సీలు ముట్టుకోవద్దు."

ఆ వస్తున్నది పాసు కోసం గేటు దగ్గరే ఆగిపోయిందని తర్వాత తెలిసింది. నేను కట్టరు తీశాను. మస్తాన్ నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దన్నా... నీ ఇకామా కార్డు రద్దు చేస్తారు. ఇంటికి తోలేస్తారు."

"ఇకామా గంగల కలువనీరా! సప్పుడు చెయ్యకు, ఊపిరి తీసుకో."

సీలు తెంపాను. తాళం మిగిలింది. అద్దాలు తూటాలకే పగలవు, తాళాన్నే ఇనుప కడ్డీతో బాదాను. రాలేదు. యుద్ధానికి తట్టుకోవాలని చేసిన తాళం మరి. నీళ్ల సీసాల కట్ట చించి అతని మీద గుమ్మరించాను. అవీ వేడే. పైనుంచి మనుషులు తాళ్లతో దిగేసరికి మస్తాన్ వాళ్లమ్మను పిలుస్తున్నాడు. పైకి చేర్చేసరికి పిలవడం మానేశాడు.

విచారణ జరిగింది, సీలు గురించి. ఎవరు తెంపారు, ఎవరినడిగి తెంపారు, సీసాలెన్ని పోయాయి. ఒక్కడంటే ఒక్కడు మస్తాన్ పేరెత్తలేదు. బతుకంతా ఆర్డరు పాటించినవాణ్ణి, ఆ గదిలో ఆర్డరిచ్చేవాళ్ల మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. నాకు ఫైనల్ ఎగ్జిట్ రాశారు, అంటే మళ్లీ రాకుండా ఇంటికి పంపే కాగితం. అది చేతికొచ్చేదాకా పని చేయించుకున్నారు కూడా, సిగ్గులేకుండా.

ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాను. ట్రాక్టర్లు బాగుచేస్తాను. మస్తాన్ మొహం కొద్దికొద్దిగా చెరిగిపోతోంది. చెరగనిది ఇంకొకటుంది.

అతను చనిపోయిన వారంలోనే, ఎప్పటిలాగే ఇంజిన్లు నడిపే రోజు వచ్చింది. మేట్ స్వయంగా అదే అంబులెన్సు తాళం తీశాడు. ఒక్క తిప్పుకే ఇంజిను అందుకుంది. లోపల స్ట్రెచరు, దానిమీద విప్పని ప్లాస్టిక్ కవరు. ఏసీ వెయ్యమన్నాడు. వేశాను. చల్లటి గాలి, ఎంత చల్లగా వచ్చిందనుకున్నారు! మేట్ వంగి, కళ్లు మూసుకుని, కాసేపు ఆ గాలికి మొహం పెట్టాడు. "గుడ్" అన్నాడు. కొత్త సీలు నా చేతికిచ్చాడు.