మిద్దె మీద ఎండ నీళ్లు

ఆ ఏడు వానలకు సత్యవేడు దగ్గర మా ఊరి బావిలో వరద నీళ్లు కలిశాయి. నాయనకు టైఫాయిడ్ వచ్చింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు, నీళ్లు కాచి చల్లార్చి తాగమని డాక్టరు గట్టిగా చెప్పింది. అమ్మ కట్టెల పొయ్యి మీద కాచి ఇస్తే, నాయన గ్లాసు వాసన చూసి పక్కన పెట్టేసేవాడు.

"పొగ కంపు కొడతా ఉండాది. నాకొద్దు."

ఎండతోనే నీళ్లు శుద్ధి చేస్తే పొగ ఉండదు కదా అని నాకు తట్టింది. నేను బడిలో సైన్సు చెబుతాను. ఎండకు నీళ్లు ఆవిరై మళ్లీ చుక్కలయ్యే బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో! చేసి చూసింది మాత్రం లేదు.

మిద్దె మీద ఒక చెక్కపెట్టెలో నల్లరంగు పూసిన రేకు పళ్లెం పెట్టి బావి నీళ్లు పోశాను. పైన పాత కిటికీ అద్దం వాలుగా పరిచాను. ఎండకు లేచిన ఆవిరి అద్దానికి చుక్కలుగా పట్టి, జారి, అంచునున్న గాడిలోంచి గొట్టం గుండా సీసాలోకి రావాలి. క్రిములు పళ్లెంలోనే ఉండిపోవాలి. సాయంత్రమైనా సీసా అడుగు తడవలేదు. ఆవిరి అద్దం సందుల్లోంచి పోతోంది.

కిందికి దిగి నాయనతో చెప్పాను. పాతికేళ్లు బస్సు నడిపిన మనిషి, మంచం మీద లేచి కూర్చున్నాడు.

"బస్సు అద్దం సుట్టూ ఏసే రబ్బరు అటక మీద ఉండాది సూడు. పట్టుకో, నేనూ వస్తా."

జబ్బు పడ్డాక ఆయన మెట్లెక్కడం అదే మొదలు. ఇద్దరం కూర్చుని రబ్బరు బిగించాం. మర్నాడు మధ్యాహ్నం గొట్టం చివర ఒక చుక్క మెరిసింది, ఊగింది, పడింది.

"నాయనా, పడింది! పడింది!"

నా కేకకు పక్క మిద్దెవాళ్లు కూడా బయటికొచ్చారు.

అంతటితో నేను నమ్మలేదు. క్రిములుంటే నల్లగా మారే పరీక్ష సీసాలు రెండు తెచ్చాను. ఒకదాంట్లో బావి నీళ్లు, ఇంకోదాంట్లో మా నీళ్లు. బావి నీళ్ల సీసా కాటుకలా నల్లబడింది. మాది అలాగే ఉంది! సీసా పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి అమ్మకు చూపించాను.

ఆ ఎండ నీళ్లు గ్లాసులో పోసిస్తే నాయన గటగటా తాగాడు.

"సప్పగా ఉండాదే! అయినా పొగ లేదు. ఇంగొంచెం పొయ్."

రోజుకు ఒక చెంబు వస్తే ఎక్కువ. మబ్బు పడితే అదీ లేదు. అలాంటి రోజుల్లో నాయన గొణుక్కుంటూనే కాచిన నీళ్లు తాగేవాడు. ఒంట్లో సత్తువ వచ్చాక ఒక ఉదయం సుత్తి చప్పుడు వినిపించి మిద్దెక్కి చూశాను. నోట్లో మేకులు పెట్టుకుని, నాయన రెండో పెట్టె బిగిస్తున్నాడు.